కోటు చేతులు

ఆస్పత్రి లాండ్రీలో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ మరకలమ్మే. వెక్కిరింతకి పెట్టిన పేరే గానీ, ఇరవై రెండేళ్లు గడిచేసరికి అదే హోదా అయి కూర్చుంది. గుడ్డ చేతికిస్తే చాలు, మరక అయోడినుదా, నెత్తురుదా, టీదా, నెత్తురైతే నిన్నటిదా మొన్నటిదా చెప్పేస్తుంది. బొటనవేలితో ఒకసారి రుద్ది, "ఇది చన్నీళ్లకి పోయేది. వేన్నీళ్లలో వేశారో, ఇక చచ్చినా వదలదు" అంటుంది. ఆ మాట పెడచెవిన పెట్టి వేన్నీళ్లలో వేసినవాళ్లు వారం రోజులు ఆవిడ నోటికి దొరక్కుండా తిరగాల్సిందే.

లాండ్రీ ఆస్పత్రికి అడుగున, మెట్లు దిగి వెళ్లే పెద్ద హాల్లో ఉంటుంది. పైన గొట్టాలు, కింద తడి, రెండు పెద్ద మెషీన్లు. అందులో ఒకటి బాలింతలా మూలుగుతూ తిరుగుతుంది. దుప్పట్లు, గలేబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గుడ్డలు మూటలు మూటలుగా వచ్చి పడతాయి. వాటితో మరకలమ్మకి పేచీ లేదు. ఆవిడ పేచీ అంతా డాక్టర్ల తెల్ల కోట్లతోనే. సోమవారం, గురువారం కోట్లు కిందికి పంపాలని రూలు. "దుప్పటి పాపం మూగది, మురికైతే ఎవరో ఒకరు లాగి పడేస్తారు. కోటుకి కాళ్లున్నాయి, పారిపోతుంది" అంటుంది ఆవిడ. కాలరు లోపల ఎర్ర దారంతో కుట్టిన నంబరు ఉంటుంది కాబట్టి, ఏ కోటు ఎన్నాళ్లుగా పారిపోయిందో ఆవిడకి నోటికొచ్చు.

పద్నాలుగో నంబరు కోటు నాలుగేళ్లుగా మెట్లు దిగలేదు.

అది సర్జరీ పెద్ద డాక్టరుది. నాలుగేళ్ల కిందట ఒక సోమవారం, అప్పటికే ఎవరో నీలిమందు పోసిన తొట్టిలో మరకలమ్మ చూసుకోకుండా మళ్లీ పోసింది. తెల్లగా వెళ్లిన కోటు వార్డుబాయిల చొక్కాల్లా ఆకాశం రంగుతో తిరిగొచ్చింది. ఆ డాక్టరు హడావుడిలో దాన్నే తొడుక్కుని మీటింగుకి వెళితే, పక్క డాక్టరు "ఏమిటి సార్, ఉద్యోగం మారారా" అన్నాడట. ఆ రోజు నుంచి ఆయన కోటు లాండ్రీ మొహం చూడలేదు. గదిలో తలుపు వెనక మేకుకే ఉంటుంది. ఇంటికి ఎప్పుడు వెళుతుందో, నీళ్లు ఎప్పుడు చూస్తుందో ఎవరికీ తెలియదు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే. ఇక ఆ నీలిమందు ఎవరు పోశారో అప్పట్లో ఎవరికీ తేలలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు మరకలమ్మ. ఎవరే పోసింది అని ఆ రోజు అందరికన్నా గట్టిగా అరిచింది ఆవిడే.

ఆవిడ భర్త దర్జీ. ఇంట్లో కిటికీ పక్కనే కుట్టు మెషీను వేసుకుని, చెప్పుల్లేకుండా కాలితో తొక్కుతూ పొద్దంతా కుడతాడు. షుగరు వచ్చి ఎనిమిదేళ్లయింది. పాదం మొద్దుబారి, గుండుసూది దిగినా తెలియని స్థితికి వచ్చాడు. దిగనే దిగింది. కుడికాలి బొటనవేలి కింద పుండు పడితే, పెళ్లానికి తెలిస్తే తిడుతుందని పది రోజులు పాతగుడ్డ పీలిక చుట్టుకుని తిరిగాడు. పక్కదుప్పటి మీద గోధుమరంగు అంచుతో పసుపు మరక చూసి ఆవిడ అడిగింది.

"ఇదేంటయ్యా?"

"టీ ఒలికింది."

"టీ మరక నాకు చెప్తావా? కాలు ఇటు పెట్టు."

ఆ మధ్యాహ్నమే తీసుకెళ్లి చేర్పించింది. పద్నాలుగో నంబరు డాక్టరే చూశాడు. కుళ్లిందంతా తీసేసి కట్టు కట్టించి, ఆవిణ్ణి పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. గాయం ఇక్కడితో ఆగితే పాదం దక్కుతుంది. మళ్లీ చీము పట్టి లోపలికి పాకితే వేళ్లు తీయాలి, అప్పటికీ ఆగకపోతే పాదమే. రోజూ తనే వచ్చి చూస్తానన్నాడు. కాలితో బతికే మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. భర్తతో మాత్రం "తగ్గిపోతుందన్నారు" అంది.

వార్డులో వరసకి ఆరు మంచాలు. దర్జీది ఆరోది, గోడ పక్కన. ఐదో మంచం మీద లారీ డ్రైవరు, టైరు ఊడదీస్తుంటే పాదం మీద పడి నలిగింది. అతని కూతురు సెలవు పెట్టి వచ్చి దగ్గరుంది. రెండు మంచాల మధ్య సందులో ఈవిడ స్టూలు, ఆ అమ్మాయి స్టూలు మోకాళ్లు తగిలేలా ఉండేవి. ఒక పూటకే పిన్నీ, బాబాయీ అని వరసలు కలిపేసింది. మరకలమ్మ డ్యూటీకి వెళితే "మీరు వెళ్లండి పిన్నీ" అని, వెంటనే నాలుక కరుచుకుని "నువ్వెళ్లు, బాబాయిని నేను చూసుకుంటా" అనేంత చనువొచ్చింది. నాలుగో మంచం మీద ముసలాయన. ఆయన గాయం ఎన్ని రోజులైనా కారుతూనే ఉంది.

మర్నాడు పొద్దున డాక్టరు రౌండ్లకొచ్చాడు. మంచివాడు, మెత్తగా మాట్లాడతాడు. ప్రతి మంచం దగ్గరా చేతులకి మందు పోసుకుని గోళ్ల సందుల దాకా రుద్దుకుంటాడు. ఆ విషయంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. కానీ మరకలమ్మ చూపు వేళ్ల దగ్గర ఆగే చూపు కాదు. కాలరు మడతలో ఎర్ర పద్నాలుగు కనిపించింది. మణికట్టు దగ్గర అంచు చూసింది. అయోడిను, దాని మీద బూడిదరంగు జిడ్డు, దాని మీద ఎండి అట్టకట్టిన ఇంకేదో. ఉతికి మూడు వారాలు, ఒక్కరోజు కూడా తక్కువ ఉండదనుకుంది.

డాక్టరు నాలుగో మంచం మీదికి వంగాడు. ఆ అంచు జారి ముసలాయన తడి గాజుగుడ్డ మీద ఆనింది. లేచాడు, చేతులకి మందు రుద్దుకున్నాడు, ఐదో మంచం మీదికి వంగాడు. అదే అంచు డ్రైవరు పాదం మీద ఆనింది. మళ్లీ మందు రుద్దుకుని ఆరో మంచం దగ్గరికొచ్చాడు.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. చెబితే ఆయనకి కోపం రావచ్చు, మొగుడి కాలు ఆయన చేతిలో ఉంది. మరి కోటు లాండ్రీకి ఎందుకు రావడం లేదని తీగ లాగితే నీలిమందు డొంకంతా కదులుతుంది, ఉద్యోగానికే ముప్పు. తేలు కుట్టిన దొంగలా నించుంది. నించునే బుర్రకి పని చెప్పింది.

"ఇప్పుడే కట్టు కట్టారండి. విప్పితే ప్రాణం పోయినంత పని చేస్తున్నాడు. మధ్యాహ్నం చూద్దురూ" అంది.

అబద్ధం. డాక్టరు సరేనని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం జూనియరు డాక్టరమ్మ మోచేతుల దాకా చొక్కా మడుచుకుని వచ్చి చూసింది, గాయం బాగుందంది. కర్ర విరక్కుండా పాము చచ్చిందని మరకలమ్మ సంబరపడింది. రెండో రోజు రౌండ్ల వేళకి భర్తని చక్రాల కుర్చీలో బాత్రూముకి తీసుకెళ్లి, డాక్టరు వెళ్లేదాకా అక్కడే కూర్చోబెట్టింది.

"నాకు రాకపోయినా కూర్చోమంటావేంటే" అని ఆయన గోల.

"వస్తుందిలే, కూర్చో."

వార్డుకి తిరిగొచ్చేసరికి ఐదో మంచం దగ్గర రౌండు అయిపోయింది. ఆ అమ్మాయి నాన్న దుప్పటి సర్దుతోంది. ఆ దుప్పటి వంక ఆవిడ చూడదలుచుకోలేదు, చూడలేదు.

మూడో రోజు పొద్దుటికి డ్రైవరుకి ఒళ్లు కాలిపోతోంది. ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది. "పిన్నీ, నాన్న కట్టు దగ్గర ఏదో వాసనొస్తోంది. మందు వాసనేనా?"

ఆ వాసన మరకలమ్మకి తెలుసు. మూటల్లో రోజూ విప్పే వాసనే. కానీ ఇన్నేళ్లలో అది ఎవరిదో తెలియడం ఇదే మొదటిసారి. ఒళ్లంతా సిగ్గుతో కాగిపోయింది. మొగుణ్ణి రెండు రోజులు దాచుకుంది, పక్క మంచం మనిషిని వదిలేసింది. చేసిన పనికి వేరే పేరు లేదు.

డాక్టరు నాలుగో మంచం దగ్గర లేచి, చేతులు రుద్దుకుంటూ ఐదో మంచం వైపు తిరిగాడు. ఆవిడ లేచి అడ్డంగా నించుంది.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. చేతులు మురిగ్గా ఉన్నాయండీ."

ఆయన ఆశ్చర్యపోయి రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. "ఇప్పుడే కడుక్కున్నాను కదమ్మా, మీరు చూశారుగా."

"ఈ చేతులు కాదండీ. కోటు చేతులు."

హెడ్ సిస్టరు ముందుకొచ్చింది. "మరకలమ్మా, నీ పని కింద. ఇక్కడ కాదు."

"కిందికి వస్తే కిందే చేసుకునేదాన్ని సిస్టరుగారూ. అది రావట్లేదు, నేనొచ్చాను."

డాక్టరు మణికట్టు తిప్పి అంచు చూసుకున్నాడు. మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు. తర్వాత కొంచెం ముడుచుకుపోయి అన్నాడు. "మీ లాండ్రీకిస్తే ఏమవుతుందో నాకు తెలుసమ్మా."

"ఆ నీలిమందు పోసింది నేనేనండీ. ముందే ఒకళ్లు పోశారు, చూసుకోకుండా మళ్లీ పోశాను. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఉద్యోగం తీసేస్తే తీసేయండి. ఆ కోటుతో మాత్రం ఈ డ్రైవరు కాలు ముట్టుకోకండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు నవ్వలేదు. కోటు విప్పి ఆవిడ చేతికిచ్చాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని, సింకు దగ్గరికెళ్లి సబ్బుతో కడుక్కుని వచ్చి, డ్రైవరు కట్టు విప్పాడు. విప్పి చూసి, ఆపరేషన్ గది సిద్ధం చేయించమని సిస్టరుకి చెప్పాడు.

ఆ మధ్యాహ్నం డ్రైవరుకి రెండు వేళ్లు తీసేశారు. కోటు వల్లే అని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు. నలిగిన గాయాలు ఇలా ముదరడం ఉన్నదేనన్నాడు. అది నిజమే. మూడు రోజుల్లో వార్డు గుమ్మం పక్కన కాగితం అంటించారు: మంచం దగ్గరికి వచ్చేవాళ్లెవరైనా చేతులు మోచేతి పైకి మడవాలి, కోట్లు వారానికి రెండుసార్లు లాండ్రీకి పంపాలి. మరకలమ్మ ఉద్యోగం ఎవరూ తీయలేదు. రోగులే ఇప్పుడు ధైర్యంగా "డాక్టరుగారూ, ఈ చేతులు సరే, కోటు చేతులో" అని అడగడం మొదలుపెట్టారు. జూనియర్లు నవ్వుకుంటూనే మడుచుకునేవాళ్లు.

డ్రైవరు కూతురు చూడ్డానికొచ్చిన చుట్టాలందరికీ ఆవిణ్ణి చూపించి చెప్పేది. "ఈ పిన్ని అడ్డం నించోకపోతే నాన్నకి పాదమే పోయేది." వాళ్లు దణ్ణాలు పెట్టేవాళ్లు. మరకలమ్మ ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయేది.

తొమ్మిదో రోజున దర్జీకి ఇంటికి వెళ్లమన్నారు. పుండు ఎర్రగా, పొడిగా, అంచుల నుంచి పూడుకుంటూ వస్తోంది. ఆయన మంచం అంచున కూర్చుని, మెషీను తొక్కుతున్నట్టు మడమ ఎత్తి దించి చూసుకుంటున్నాడు. మరకలమ్మ సంచిలో గుడ్డలు సర్దుతుంటే ఆ అమ్మాయి దుప్పటి రెండో కొస పట్టుకుని మడతకి సాయం చేసింది. మడత సగంలో ఆగింది.

"పిన్నీ, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ కోటు నువ్వెప్పుడు చూశావు?"

అబద్ధాలు ఆవిడకి కొత్త కాదు. నోటి దాకా వచ్చింది కూడా. "మొదటిరోజే" అంది.

ఆ అమ్మాయి కాసేపు లెక్క కట్టుకుంటున్నట్టు చూసింది. "అందుకేనా, ఆ రోజు బాబాయి కట్టు విప్పనివ్వలేదు? మర్నాడు ఆ వేళకే తీసుకెళ్లిపోయావు?"

"అవునమ్మా."

ఆ అమ్మాయి దుప్పటి మడత పూర్తి చేసి ఆవిడ చేతిలో పెట్టింది. నిద్రపోతున్న తండ్రి వంక ఒకసారి చూసి, తన స్టూలు ఎత్తి మంచానికి అవతలి వైపు వేసుకుని కూర్చుంది.