కెనడా మంత్రి నాకు నేర్పిన చదువు

ఇది నేను ఎప్పుడో రాయవలసింది. రాయడం రాదు కాబట్టి రాయలేదు. అక్షరాలు వచ్చి నాలుగేళ్లయింది కానీ బస్సు బోర్డులు, మందు డబ్బాలు, మనవరాలి వాచకం చదువుకోవడంతోనే సరిపోయింది. కూర్చుని కాగితం నింపేంత కోపం రాలేదు. మొన్న వచ్చింది.

జహీరాబాద్‌లో మేముండే గల్లీలోకి ఒక జీపు వచ్చి ఆగింది. దిగినవాడు మా పాత ఊరి పటేలు మనవడు. ఝరాసంగం దగ్గరి ఆ ఊళ్లో, వాళ్లింట్లో గిన్నెలు తోముతూనే నా చిన్నతనం గడిచింది. ఒక రంగుల పుస్తకం నా చేతిలో పెట్టాడు. వాళ్ల చిన్నాయన, అంటే ఆ రోజుల్లో మేము చిన్న పటేలు అని పిలిచినాయన, కెనడా నుంచి వచ్చాడట. మర్నాడు ఫంక్షన్ హాల్లో సన్మానమట. పుస్తకమంతా ఆయన రాజకీయమే. అక్కడి ఒక రాష్ట్రంలో మొదట టౌను కౌన్సిలరు, తర్వాత మూడుసార్లు ఎమ్మెల్యే, రెండేళ్లు చదువుల మంత్రి. నడుమ ఒకసారి పార్టీ మారాడు. అక్కడ కూడా మారతారని తెలిసి నాకు కొంచెం ఊరటగా అనిపించింది. మంచులో నిలబడి ఓట్లడుగుతున్న ఫొటో ఉంది, టోపీలో కళ్లు తప్ప ఏమీ కనబడవు. దాని పక్క పేజీలో నేనున్నాను. ‘మా ఇంటి పనిపిల్లకు నా పలక మీద నేనే అక్షరాలు నేర్పాను, నా రాజకీయం అక్కడే మొదలైంది’ అని ఉంది. ప్రతి ఎన్నికలోనూ ఈ మాట చెప్పేవాడట. జనం లేచి చప్పట్లు కొట్టేవారట.

“రేపు పదింటికి జీపు పంపుత, అవ్వా. చిన్నాయన నీకు శాలువా కప్పుతడు. అవు, సారే నేర్పిండు అని మైకుల ఒక్క ముక్క అను, సాలు” అన్నాడు మనవడు.

నాకు నేర్పింది నా కోడలని చెప్పాను.

“నీకు సదువు అచ్చిందా లేదా? ఎవరు నేర్పిన్రో ఎవరడుగుతరు?”

కోడలు గుమ్మంలోనే ఉంది. అతని చేతిలోని టీ గ్లాసు ఆమె ఇచ్చిందే.

ఆ పలక నాకు బాగా తెలుసు. పొద్దున ఆయన సంచీ బడిదాకా మోసేదాన్ని, సాయంత్రం ఆకుపసరుతో రుద్ది పలక కడిగేదాన్ని. ఆయన రాసిన అక్షరాలు నా చేతికింద తెల్లగా కరిగిపోయేవి. ఒకరోజు గిన్నెలు తోమే బూడిదను బండ మీద పరిచి, వేలితో ‘అ’ రాశాను. పొట్ట గుండ్రంగా, బాగానే వచ్చింది. చిన్న పటేలు వచ్చి చూశాడు. తప్పుంటే దిద్దుతాడేమోనని పక్కకు జరిగాను. ఆయన కాలితో తుడిచేసి వాళ్లమ్మను పిలిచాడు. పటేలమ్మ కొట్టలేదు. అది ఆమె మంచితనమని చాలా ఏళ్లు అనుకున్నాను. “గిన్నెలు తోమే చేతికి గిదెందుకే?” అని మాత్రం అని, ఆ రోజు నుంచి పలక కడిగే పని మాన్పించింది.

నాకు నేర్పింది మొగుడంపల్లి నుంచి వచ్చిన నా కోడలు. ఒకసారి నేను బోర్డు తెలియక ఇంటికి రావలసినదాన్ని బీదర్ వెళ్లే బస్సెక్కి, చీకటి పడ్డాక తిరిగొస్తే గల్లీ అంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. మర్నాడు చేనులో విత్తనపు అల్లం తుంచుతూ, ఎర్రమట్టిలో ఒక అక్షరం గీసి దిద్దమంది. రెండేళ్లు సాగింది ఆ బడి. నిన్నటి అక్షరం మర్చిపోతే కసురుకునేది. నేను ఇంటికొచ్చి ఆమె చేసిన కూరకు వంకలు పెట్టేదాన్ని.

జీపు వెళ్లాక ఆమె ఆ పేజీ చదివి పుస్తకం మూసింది. “పోనీ అత్తమ్మా, నాకేం పేరు గావాలె” అంది. కానీ ఆ పూట నా అన్నం పళ్లెం కాస్త గట్టిగానే పెట్టింది. నేను స్టేజీ మీద తలూపితే, ఆమె రెండేళ్ల కష్టాన్ని నా చేత్తో నేనే తుడిచినట్టు.

మర్నాడు పొద్దున్నే ఒక కాగితం రాసుకున్నాను. జీపు కోసం చూడకుండా కోడలిని వెంటబెట్టుకుని ఆటోలో వెళ్లాను. స్టేజీ మీద చిన్న పటేలు నా రెండు చేతులూ పట్టుకున్నాడు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చెప్పీ చెప్పీ తానే నమ్మేసినట్టున్నాడు. అది చూసి నాకు ఇంకా మండింది. శాలువా కప్పించుకున్నాక కాగితం ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“తెలుగు అక్షరాలు మర్చిపోయిన. నువ్వే సదువమ్మా” అని మైకు నా వైపు జరిపాడు.

చదివాను. నాకు అక్షరాలు నేర్పింది నాతో వచ్చిన నా కోడలు. ఈయన నా అక్షరాన్ని కాలితో తుడిచాడు. పుస్తకంలో ఆ పేజీ తీసేయండి. అంతే రాశాను. నేనింకా కూడబలుక్కునే చదువుతాను కాబట్టి ఆ మూడు వాక్యాలకూ చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ ఇంటివాళ్లెవరూ కదల్లేదు. ఒక్క అక్షరం కోసం నేను దగ్గర దగ్గర యాభై ఏళ్లు ఆగాను. వాళ్లు ఆగింది నేను చదివినంతసేపే.