పొగ లేవని పొయ్యి

మొన్న గద్వాలలో ఒక నాయకుడు ఇఫ్తార్ విందు పెట్టాడు. మూడు పూటలా తిన్నవాళ్లే ముందు వరుసలో కూర్చుని, ఫోటోల కోసం ఖర్జూరం నోటి దగ్గర పట్టుకున్నారు. ఒళ్లు మండి లేచి వచ్చేశాను. దారిలో ఎవరింట్లోనో జొన్నరొట్టె కాలుతున్న వాసన వచ్చింది.

నా చిన్నప్పుడు, నాన్న పోయిన ఏడు, రంజాన్ దాటి నెలలు గడిచినా అమ్మ రోజా ఉపవాసాలు ఉంటూనే ఉండేది. అడిగితే, "అప్పుడు తప్పిపోయినయి బిడ్డా, ఇప్పుడు ఉంటున్న" అనేది. ఇంట్లో ఉన్న రొట్టె నా పళ్లెంలో పడేది. మా అమ్మంత భక్తి ఎవరికీ లేదని నేను వాడంతా చెప్పుకుని తిరిగాను.

పక్కింట్లో చీరలు నేసే లక్ష్మమ్మత్త ఒకరోజు గుమ్మంలో నిలబడింది.

"వదినా, రోజా ఉండేటోళ్లు తెల్లారకముందే వండుకొని తింటరు గద. మీ పొయ్యిల పొగ లేస్తలేదేంది?"

అమ్మ తల వంచుకుంది. అత్త వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పొద్దుగూకే వేళకు రొట్టెలు, పప్పు తెచ్చింది.

"వద్దు వదినా."

"రోజా ఉన్నోళ్లకు పెడితె పుణ్యమంట గద. నాకొచ్చే పుణ్యానికి నువ్వు అడ్డమెందుకు?"

అప్పటినుంచి రోజూ తెచ్చేది. ఈమెకు ఇంత పుణ్యం పిచ్చేమిటా అని నవ్వుకునేవాణ్ణి.

ఇద్దరూ పోయారు. అవి రోజాలు కావు, పస్తులని అత్తకు తెలుసు. అత్తకు తెలుసని అమ్మకూ తెలుసు. అయినా అజాన్ వినపడేదాకా అమ్మ ఆ రొట్టెను ముట్టేది కాదు.