దివాను బొమ్మకు కుప్పయ్య మొగం

దివాన్ రాఘవరాయలుగారి ముఖం ఎలా ఉండేదో ఆయన సొంత ఊళ్లోనే ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆయన పోయి యాభై ఏళ్లవుతోంది. ఉన్న ఒక్క పటాన్నీ చెదలు తినేశాయి. పుత్తూరుకు ఆమడ దూరంలోని ఈ ఊళ్లో పుట్టి, ఎక్కడో సంస్థానంలో మంత్రాంగం నడిపి, ఊరికి బడీ రోడ్డూ తెచ్చిన మనిషి. ఆయన పుట్టిన నూరేళ్ల పండుగకు బొమ్మ చౌకులో నిలబెట్టాలని పెద్దలు తీర్మానించారు. తిరుపతి నుంచి శిల్పి దొరస్వామి వచ్చాడు. ఆయన చేతికి అలవాటైంది దేవుళ్లే. దేవుడి ముఖానికి శాస్త్రంలో కొలతలుంటాయి, దివానుకు లేవు. ఎదురుగా ఎవరిదో ఒక ముఖం ఉంటే తప్ప ఉలి కదలదన్నాడు.

అలా జట్కా తోలే కుప్పయ్య దొరికాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. వెడల్పాటి నుదురు, గద్ద ముక్కు. బేరం లేనప్పుడు బండిమీద కదలకుండా కూర్చోవడం అతనికి కొత్త కాదు. "నా మొగం రాయికెక్కతాదంటమ్మా" అని తల్లి అక్కమ్మతో సంబరంగా చెప్పుకున్నాడు. ఆమెకు చూపు ఆనదు, ఇల్లు కదలదు. చెవులు మాత్రం పాము చెవులు.

ముఖం తయారయ్యాక దివానుగారి కోడలు యశోదమ్మను కుర్చీలో మోసుకొచ్చారు. ఆయన్ను దగ్గరగా చూసి, ఇంకా చూపు ఆనేవాళ్లలో మిగిలింది ఆవిడొక్కతే. పండు ముసలి. రాతి ముఖం చూసి కొంగు నెత్తిమీదికి లాక్కుని, "మామగారే" అని ఏడ్చేసింది. పెద్దలు శిల్పి వీపు తట్టారు.

ఆ సాయంత్రమే వరదయ్య కాఫీ హోటల్లో మాట పుట్టింది.

"కుప్పయ్యను సూసి చెక్కితే దివాను వచ్చినాడంటనే" అన్నాడొకడు.

"వాళ్లమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ ఇంట్లోనే గదప్పా వడ్లు దంచింది" అన్నాడు వరదయ్య, గ్లాసులు కడుగుతూ.

ఆ పైన అనాల్సిన పని లేకపోయింది. రాత్రికే అది కుప్పయ్య చెవిన పడింది.

కుప్పయ్యది అచ్చం జట్కా తోలిన తన తండ్రి ముక్కు. కానీ ఆ తండ్రిని ఎరిగినవాళ్లు అమ్మ తప్ప ఎవరూ మిగల్లేదు. దివానుకైతే పటం ఉండేది, దానికి చెదలు పట్టాయి. జట్కావాడికి పటం ఎవరు తీయిస్తారు? తననేమన్నా కుప్పయ్య పడగలడు. మొగుడు పోయాక రెక్కలు ముక్కలు చేసుకుని తనను సాకిన తల్లి, ఈ వయసులో ఈ మాట వింటే?

తెల్లారగానే శిల్పి దగ్గరికి పరుగెత్తాడు. "సామీ, ఆ ముక్కు కొంచెం చప్పిడిగా చెయ్యి. నీకు పుణ్యముంటాది."

దొరస్వామి చేతులు కడుక్కుంటున్నాడు. "ఇప్పుడే బొమ్మకు కండ్లు తెరిచినాను కుప్పయ్యా. కండ్లు తెరిచినాక ఇంక ఉలి తాకరాదు."

"అది దేవుడికి గదా. ఈయన మనిషే గదా."

"నా ఉలికి ఆ తేడా తెలీదప్పా."

రాయి మారదు కాబట్టి తానే మారాలనుకున్నాడు కుప్పయ్య. గడ్డం పెంచాడు. బొమ్మను తెచ్చి సరిగ్గా జట్కాలు ఆగేచోటే నిలబెట్టారు. పైన దివాను, కింద కుప్పయ్య. అయినా గడ్డం గుబురుగా పెరిగేకొద్దీ నవ్వులు సద్దుమణిగాయి. అమ్మదాకా ఏమీ రాలేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఒకరోజు కుప్పయ్య అన్నం పెడుతుంటే అక్కమ్మ చెయ్యి కొడుకు చెంపకు తగిలింది.

"ఏందిరా ఇది? కొండకు మొక్కుకున్నావా?"

ఆ సీమలో మగవాడు గడ్డం పెంచితే ఏడుకొండలవాడికి మొక్కే. ఇంకో కారణం ఎవరికీ తోచదు. కాదంటే మరెందుకని అడుగుతుంది. కుప్పయ్య "ఊఁ" అన్నాడు.

"నా కోసరమే మొక్కుకునుంటావు. నేను పోయేలోగా తీర్చేయాల. ఆయన వడ్డికాసులవాడు, ఊరుకోడు."

"ఇంకొన్నాళ్లు పోనీమ్మా."

"నాకు యాడున్నాయిరా ఇంకొన్నాళ్లు?"

ఆ వారమే కుప్పయ్య ప్రయాణం కట్టాడు. రైల్లో తిరుపతి చేరి, అలిపిరిలో తల్లిని కొండ బస్సెక్కించాడు. కొండపైన మంగలి కత్తి తల గొరిగి, గడ్డంమీద ఒక్కో గీత గీస్తుంటే పాత దవడా పాత చుబుకమూ మెల్లమెల్లగా బయటపడ్డాయి. కుప్పయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

తిరిగొస్తూ తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. చౌకులో బండి దిగగానే అక్కమ్మ తడిమి చూసి దాన్ని లాగేసింది.

"మొక్కు తీర్చినోడు మొగం దాసుకుంటాడా? పద, అందరికీ ప్రసాదం పెట్టాల."

తల్లి చెయ్యి పట్టుకుని వరదయ్య హోటలు అరుగు దగ్గరికి నడిపించాడు. ఎదురుగా రాతి దివాను. అక్కమ్మ తన చేత్తోనే ఒక్కొక్కరికీ ప్రసాదం పెట్టింది. వాళ్లు కళ్లకద్దుకున్నారు. కుప్పయ్యను చూశారు. తలెత్తి బొమ్మను చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనకే మిగతావాళ్లు.

"ఎందుకురా నవ్వతా ఉండారు?"

కుప్పయ్య బొమ్మకు వీపు తిప్పి తల్లి ముందు నిలబడ్డాడు.

"నీ గుండు సూసిలేరా" అని అక్కమ్మ కొడుకు నున్నటి తల నిమిరి, బోసినోటితో వాళ్లందరికంటే పెద్దగా నవ్వింది.