సారు పాట మీద పాట

మా ఆయన ఖర్గపూర్ వర్క్‌షాపులో పోత పని చేసేవాడు. పర్మినెంటు కాదు, కేజువల్ కూలీ. అందుకని ఛాతీ పాడైపోతే రైల్వే ఆసుపత్రి లేదు. కలకత్తా తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తే బతకొచ్చన్నాడు బజారు డాక్టరు. మేముండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో మన తెలుగువాళ్లు తలా ఒక వస్తువు ఇచ్చినారు. ఇత్తడి బిందె, గోడ గడియారం, పట్టుచీర, ఒకామె అయితే కుట్టు మిషనే ఇచ్చేసింది. అవి వేలం వేసి ఆ డబ్బు మాకివ్వాలని.

మనోడే వేలం వేస్తే మొహమాటపడతాడు, ధర పెంచమని గట్టిగా అడగలేడు, బయటివాడు కావాలన్నారు. రైల్వే తుక్కు వేలం వేసే బెంగాలీ ఆయన్ని కూలికి మాట్లాడబోయినారు. మా మరిది హిందీలో చెప్పినాడు: "దాదా, మావాళ్లు బాగా గానా గాతే హై, మీరు సుత్తి కొడితే చాలు." వేలంలో ధర చెప్పడాన్ని మనం పాట పాడడమంటాం కదా, దాన్నే హిందీ చేసేసినాడు. ఆయనకి కోపం వచ్చింది. "గానాబజానాకి తబలావాణ్ని పిలుచుకో. నేను నీలాంవాణ్ని, వేలం వేసేవాణ్ని!" ఇది విని మా ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వినాడు.

దాదాకి ఎలాగో సర్దిచెప్పి ఒప్పించినారు. ఆదివారం గుడి ముందు జనం నిండిపోయినారు. ముందు కుర్చీలో ఫోర్‌మన్ సారు, మన తెలుగాయనే. దాదా బిందె ఎత్తి చూపగానే సారు చెయ్యెత్తినాడు. "ఐదు రూపాయలు." బోణీ చేద్దామని అన్నాడు, మంచికే. ఆ తర్వాత ఎవరూ నోరు తెరవలేదు. అక్కడున్న మగాళ్లంతా ఆయన కింద పనిచేసేవాళ్లే.

దాదా గొంతు చించుకున్నాడు. "అరే, ఇంత బిందె ఐదుకా? బోలో, బోలో!"

నా వెనక ఒకామె మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "పాడవేటి?"

"సారు పాట మీద పాటేటే, నీకు మతిపోనాదా? రేపు డూటీకి ఎల్లక్కర్లేదా?"

ఏక్, దో, తీన్. సుత్తి పడింది. గడియారమూ అంతే, చీరా అంతే. కుట్టు మిషను దగ్గర దాదా ఎత్తిన సుత్తి చాలాసేపు దించలేదు. ఆఖరికి సారే వెనక్కి తిరిగి కోప్పడినాడు. "నేను మొదలెట్టినాను కదా, మీరు పాడరేటి?" మిషనూ ఆయన మొదటి పాటకే పోయింది. తనే ఎక్కువ ఇవ్వొచ్చని ఆయనకి తోచలేదు. చెప్పే దమ్ము ఎవరికుంది?

దాదా కూలి పోగా మిగిలింది మందులకే చాలలేదు.

ఇంటికి నడుస్తూ మా ఆయన్ని అడిగినాను. "నీకు ఒళ్లు బాగుండి, ఇంకెవరికోసమో వేలమైతే, నువ్వు పాడేవోడివా?"

క్వార్టర్ల గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "సారు మీద నేనేటి పాడతాను?" అన్నాడు.

కలకత్తా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ చలికాలం మా ఆయన దాటలేదు.