మా బావ జోస్యం

ఈ గల్ఫ్ దేశంలో సెలవైన శుక్రవారాలు నేను అల్ తుమామా ఇసుక గ్రౌండుకు వెళ్ళేది కుర్రాళ్ళను చూడటానికేనని మా అక్క నమ్మకం. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు క్రికెట్ స్కోరు రాయడం సరదా అంటే ఇంట్లో ఎవరికీ ఎక్కదు.

ఈ రోజు మా తెలుగువాళ్ళ టీములో కొత్త సీజనుకు పదకొండు మందిని ఎంచారు. ఈసారి ఎవరూ ఊహించకుండా మెరిసిపోయేది నెల కిందట దిగిన ఇంజనీరేనని కెప్టెన్, అంటే మా బావ, ప్రకటించాడు. ఆధారం? అతని కొత్త బ్యాటు.

నేను స్కోరు పుస్తకం తెరిచాను. "ఓబులేసును పైన దింపి చూడు బావా. నిరుడు తొమ్మిదో నంబరులో దిగి ఆరుసార్లు నాటౌట్."

"అబ్బో, మరదలు చెప్పొచ్చింది! అరబ్బుల ఇంట్లో కారు తోలే హౌస్ డ్రైవరు మెరవడమేంటి? వాడు కిట్లు మోయడానికి. యల్లా, పద పద, వెళ్ళి టీ సంగతి చూడు."

కిట్లు మోస్తూ ఓబులేసు అక్కడే ఉన్నాడు. "పర్లేదులే మేడమ్, మీరన్నా రాసిపెట్టినారు గదా," అన్నాడు.

బ్యాటు మెరుపు చూసి ఆటగాణ్ణి పసిగట్టే మేధావులు మీ దగ్గరా ఉన్నారా? చెప్పండి, నవ్వుకుందాం.

డ్రైవర్లంతా వేరే టీము పెట్టుకుంటున్నారు. వచ్చే శుక్రవారం నుంచి నేను వాళ్ళకే స్కోరు రాస్తాను.