ఆట కోసం ఆగిన మగ్గాలు

చాలా ఏండ్లుగా నేనొకటి మోస్తున్న. బరువెంతంటే, సుమారు అరవై జీబీ. నవ్వొస్తే నవ్వండి, నవ్వుతూ తప్ప నాకేదీ చెప్పడం రాదు. ఇది మాత్రం అట్లా కూడా ఎవరికీ చెప్పలే. మీరు మా ఇంటివాళ్లు కారు కాబట్టి చెప్తున్న.

మాది సిరిసిల్ల. సేటు నూలిస్తే, ఇంటి వెనక షెడ్డులో బాపు నాలుగు మరమగ్గాలు నడిపేటోడు. నేను బీటెక్ చదివే రోజుల్లో ఒక పాత ల్యాప్‌టాప్ కొనిచ్చిండు. పాపం, అది చదువుకు సరిపోయేదే. నేనే దానిమీద పెద్ద పెద్ద ఆటలు ఆడాలనుకున్న. సెట్టింగులన్నీ అట్టడుగుకు దించితే ఆట నడిచేది. కాకపోతే మనుషులకు ముఖాలుండేవి కావు, చెట్లు దగ్గరికి పోయినంక మొలిచేవి. వేడెక్కకుండా కింద నాలుగు సీసా మూతలు పెట్టేటోణ్ణి. నాకొచ్చిన ఇంజనీరింగ్ అంతే.

అదే ల్యాప్‌టాప్ మీద అక్క చీర అంచుల డిజైన్లు గీసేది. షెడ్డులో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటనే, తీరిక దొరికినప్పుడు నేర్చుకుంది. గునుగు పువ్వు అంచు ఒకటి, చుక్క చుక్క పెట్టి, వానకాలమంతా గీసింది. ఎక్కడ పోతదోనని ఏ రోజుకారోజు ఒక కాపీ దాచేది. కాపీలన్నీ ఒకే ఫోల్డర్‌లో. అంచు నచ్చితే డిజైన్ల పని ఆమెకే ఇస్తానన్నడు సేటు. అంటే కండెల ముందు నుంచి లేచినట్టే.

ఆ వారమే ఒక దోస్తు అరవై జీబీల కొత్త ఆటను హార్డ్ డిస్కులో వేసి ఇచ్చిండు, సాయంత్రానికి తిరిగియ్యాలె. నా దాంట్లో చోటు లేదు. పాటలు తీసేసిన. సినిమాలు తీసేసిన. నా ప్రాజెక్టు తీసేసిన, దానికైతే ఏ బాధా కలగలే. అయినా చాల్లేదు. అక్క ఫోల్డర్ మిగిలింది.

దోస్తు డిస్కులోకే దాన్ని కాపీ చేయొచ్చని తట్టలేదా? తట్టింది. ఆలస్యమైతదని వదిలేసిన. ఆఖరి కాపీ ఒక్కటి ఉంచితే సరిపోయేదా? సరిపోయేదేమో, తెరిచి కూడా చూడలే. మళ్లీ గీసుకుంటదిలే అని నాకు నేను చెప్పుకున్న, గీసినప్పుడు ఆమె కండ్లు ఎర్రబడేదాకా కూర్చోవడం నేను పక్కనుంచి చూసినోణ్ణే అయినా. నిజంగా తీసెయ్యాలా అని ల్యాప్‌టాప్ అడిగింది. ఆ రోజు నన్ను ఆ మాట అడిగింది అదొక్కటే. అవునన్న. చెత్తబుట్ట ఖాళీ చేస్తే మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్న.

తెల్లారి అక్క పిలిచింది. "తమ్మీ, నా డిజైన్లు కనబడ్తలేవురా. జర చూడు."

చూసినట్టు చేసిన. షెడ్డులో మగ్గాలు మొదలైతే ఇంట్లో బల్బు మినుకుమనడం మాకు మామూలే. నోటికి అదే వచ్చింది.

"ఛార్జింగ్‌ల ఉండె గదా అక్కా. మగ్గాలు ఒక్కసారే ఆన్ చేసేసరికి కరెంటు కొట్టినట్టుంది."

గడపల నిలబడ్డ బాపు ముఖం మారింది. "ఆన్ చేసింది నేనే గదా బిడ్డా," అన్నడు.

"ఊకో బాపూ. ఛార్జింగ్ పెట్టి మర్చిపోయింది నేను," అన్నది అక్క. నా దిక్కు తిరిగింది. "నీ ఆటకేం గాలే గదా తమ్మీ?"

"ఏం గాలే," అన్న.

అది ఎత్తిపొడుపా, లేక నిజంగానే నా గురించి ఫికరా? ఇప్పటికీ తెల్వదు. కరెంటు ఫోల్డర్లను ఏరి ఏరి కాల్చదని తెలిసినోణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే. బీటెక్ నాది మరి.

సేటు ఆగలే, వేరేవాళ్ల అంచు తీసుకున్నడు. అక్క మళ్లీ గీయలే. గీస్తే మళ్లీ పోదా అన్నది, కండెల ముందు కూర్చుంది.

ఆనాటి నుంచి నేను ఛార్జర్ పెడితే చాలు, బాపు మగ్గాలు బంద్ చేసేటోడు. నా చదువు కాలిపోవద్దని. ఆగిన మగ్గానికి కూలి రాదు. ఆపకు బాపూ అనాలంటే ఎందుకో చెప్పాలె, అందుకే అనలే. ఆ పాత బ్యాటరీ ఛార్జర్ తీస్తే నిలిచేది కాదు. షెడ్డు చప్పుడు లేకుండా ఉంటే, నేను తలుపేసుకొని ముఖాల్లేని మనుషులను కాల్చుకుంటూ కూర్చున్న. ఆట ఆఖరుదాకా ఆడిన. బాగుంది. ఆ సంగతి కూడా చెప్పాలె.

ఇప్పుడు కరీంనగర్‌లో నౌకరి. మొన్న ఇంటికి పోయి ఫోన్ ఛార్జింగ్ పెట్టిన. బాపు లేచి షెడ్డులోకి పోయిండు. మగ్గాలు ఆగినయి. పని కోసం అత్తగారింటి నుంచి రోజూ వచ్చే అక్క, చేతిలో కండెతో ఎదురుచూస్తూ కూర్చుంది. చెప్దామని నోరు తెరిచిన. చాయ్ ఉందా అని అడిగిన.

మీరు క్షమించాలని కాదు, అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో వాళ్లను నేనింకా అడగలే. ఆ ఫోల్డర్ తీసేసింది నేను. ఇంత చిన్న వాక్యమా ఇది? రాసినంక బరువు జర దిగింది. అక్కడ మగ్గాలు మాత్రం ఇంకా ఆగుతనే ఉన్నయి.