నడిరోడ్డు మీద గ్రీకు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ దొరకని విద్య లేదు. అయినా బ్యాంకు పరీక్షల బోర్డు కింద ‘ప్రాచీన గ్రీకు’ అని కనిపిస్తే ఆగి మళ్లీ చదువుకున్నాను. కాశీ నుంచి కొచ్చిన్ దాకా వ్యాకరణంతో నిద్రపుచ్చేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ గ్రీకు చెప్పే కోదండం ఆ కోవవాడు కాదు.

పోచంపల్లి నేతవాళ్ల ఇంట పుట్టాడు. క్రైస్తవ వేదాంత కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తూ అక్కడి ముసలి ఫాదర్ దగ్గర గ్రీకు నేర్చాడు. పాస్టరు చదువుల పిల్లలు అతని దగ్గరికి వచ్చేవారు. వాళ్ల గండమంతా అసమాపక క్రియలతోనే. గ్రీకువాడు పని మీద పని పేర్చి చివర ఒక్క క్రియతో ముగిస్తాడు. వీళ్లు దాన్ని ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి లాక్కొచ్చి, ‘లేచి’ అనవలసిన చోట ‘లేవడం కలిగినవాడై’ అని రాసేవారు. కోదండం ఇంగ్లీషు పుస్తకం మూయించాడు.

“మా అమ్మ అంజమ్మ నూలుకు ముడులు కట్టి, రంగుల ముంచి, ఆరబెట్టి, ముడులిప్పి, పాట పాడుకుంట నేసింది. ముందుగాల అయిపోయిన పనులేంది, నేతతోని జోడుగ నడిచిందేంది? గ్రీకుల గూడ గంతే.”

ఇన్‌స్టిట్యూటు యజమాని భానుమూర్తిది బందరు. చెడ్డవాడేం కాదు.

“పరీక్ష ఇంగ్లీషులో కదండీ మాస్టారూ. చేరడానికొచ్చినవాళ్లు బయట నిలబడి నవ్వుకుంటున్నారు. పుస్తకం తెరవండి, ఆ గంతే గింతే మానేయండి. లేదంటే గది వేరేవాళ్లకిచ్చేస్తాను.”

“నవ్వనీయుండ్రి సార్. మా అమ్మ మాట బందువెట్టి చెప్పే గ్రీకు నాకు రాదు.”

గది పోయింది. పరీక్ష దగ్గరపడింది. పిల్లలు చెదిరిపోతారనే అనుకున్నాను.

అంతలో సకల జనుల సమ్మె. బస్సులు ఆగాయి. మెయిన్ రోడ్డు మీద వంటావార్పు మొదలైంది. కోదండం పొయ్యిరాళ్ల పక్కన కూర్చుని, తారు మీద సుద్దతో గ్రీకు రాశాడు. అతని క్లాసు పిల్ల ప్రసన్న మీర్‌పేట్ నుంచి నడిచొచ్చింది. ఆమె వెనకే మిగతావాళ్లూ వచ్చారు. వంకాయలు తరిగే ఆడవాళ్లు గా కోడికాళ్లేందని అడిగితే వాళ్లకూ చెప్పాడు. వంట చేసేవాళ్లకు ఏ పని ముందో వేరే నేర్పాలా?

భానుమూర్తి మెట్లు దిగి వచ్చాడు. యాస మీ ఇష్టం, పుస్తకం ఒక్కటి తెరిచిపెట్టండి, గది మీదే అన్నాడు.

“ముందుగాల అన్నం తినుండ్రి సార్. క్లాసు మాత్రం ఈడ్నే.”

ఆయన తిన్నాడు, ఉప్పు తక్కువైందన్నాడు.

సమ్మె ముగిశాక క్లాసు ఎల్బీనగర్‌లో కోదండం వరండాలోకి మారింది. ప్రసన్న పరీక్ష ఇంగ్లీషులోనే రాసి గట్టెక్కింది, ప్రతి గ్రీకు వాక్యాన్నీ ముందు తన తెలుగులో పట్టుకుని. ఇంగ్లీషు పుస్తకం వరండాలోనే ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాడు.